గురువారం రాత్రి జాకీ వంతు

ఇంటి నిండా పిల్లలు, తల నిండా అప్పులు. అయినా ఒక తల్లి తన కాలాన్ని చేజారనివ్వలేదు. మూడు వందల ఏళ్ళ నాటి ఆమె పద్ధతిలో నేటి క్రైస్తవ గృహిణికి, ఆ మాటకొస్తే ఏ గృహిణికైనా, పనికివచ్చేదెంత?

1732 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డు లింకన్ కళాశాల నుంచి ఒక యువ అధ్యాపకుడు తల్లికి జాబు రాశాడు. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. గ్రీకు చెప్పగల పండితుడు, మతగురువుగా అభిషేకం పొందినవాడు. అంతటివాడు ఆ జాబులో తల్లిని ఒక చిత్రమైన కోరిక కోరాడు. చిన్నతనంలో గురువారం సాయంకాలాల్లో తనకోసం వెచ్చించిన ఆ కాస్త సమయాన్ని ఇప్పుడు మరొక రూపంలో మళ్ళీ తనకు కేటాయించమన్నాడు. ఆనాడు తన బుద్ధిని తీర్చిన ఘడియలు ఈనాడు తన హృదయాన్ని సరిదిద్దగలవని అతని నమ్మకం.

అతని పేరు జాన్ వెస్లీ. తరువాతి కాలంలో మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడయ్యాడు. ఇంట్లోవాళ్ళకు మాత్రం అతను జాకీ. ఆ గురువారాలు ఎన్నాళ్ళు సాగాయని లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తల్లి తన ఏర్పాటును గురించి రాసింది 1712 ఆరంభంలో. జాకీ లండనులోని చార్టర్‌హౌస్ బడికి వెళ్ళిపోయింది 1714లో. అంటే ఇంచుమించు రెండేళ్ళు, వారానికి ఒక సాయంకాలం, అందులోనూ కొంత భాగం. అంత కొద్ది కాలం ఒక మనిషి మనసులో సుమారు ఇరవై ఏళ్ళు మాసిపోకుండా నిలిచింది.

మన భాషలో ‘తీరిక’ అనే చక్కని మాట ఉంది. ‘తీరడం’ నుంచి పుట్టిన మాట అది. పని తీరితే గాని తీరిక రాదు. ఇంటిపని తీరేదెప్పుడని ఏ తల్లినడిగినా నవ్వి ఊరుకుంటుంది. ‘తీరిక దొరికినప్పుడు పిల్లలతో కూర్చుంటాను, తీరిక దొరికినప్పుడు ప్రార్థన చేసుకుంటాను’ అనుకునే తల్లికి ఆ రెండూ దక్కవు. జాన్ తల్లి సుసన్నా వెస్లీ తీరిక కోసం ఎదురుచూడలేదు. తన కాలాన్ని వంతులు వేసి పంచింది. ఆమె గొప్పదనమంతా ఆ పంపకంలో ఉంది. ఆమె చేసిన పొరపాట్లు కొన్ని కూడా అందులోనే ఉన్నాయి.

అప్పుల కాపురం

సుసన్నా 1669లో లండనులో పుట్టింది. తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్స్‌లీ పేరుపొందిన ప్రబోధకుడు. రాజ్యం విధించిన ఆరాధనా క్రమానికి ఒప్పుకోక 1662లో పదవి పోగొట్టుకున్న గురువులలో ఆయన ఒకడు. ఆయన సంతానంలో సుసన్నా 25వ బిడ్డ అని చెబుతారు. సుమారు పదమూడేళ్ళ వయసుకే ఆమె ఇరుపక్షాల వాదాలనూ తూచి చూసి, తండ్రి విడిచివచ్చిన ఇంగ్లండు సంఘంలోనే చేరడానికి నిశ్చయించుకుంది. తన తీర్పు తానే చెప్పుకునే స్వభావం అప్పుడే పడింది.

1688లో ఆమె శామ్యూల్ వెస్లీ అనే యువ గురువును వివాహమాడింది. మొదటి బిడ్డ 1690లో, చివరి బిడ్డ 1709లో. ఈ 19 ఏళ్ళలో ఆమెకు 19 మంది పిల్లలు పుట్టారు. పెరిగి పెద్దవాళ్ళయింది 10 మంది: ముగ్గురు కొడుకులు, ఏడుగురు కూతుళ్ళు. మిగిలిన తొమ్మిదిమందినీ ఆమె మట్టికి అప్పగించింది. ఆమె దినచర్యను గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్కను మరచిపోరాదు. ఒడిలో బిడ్డ, కడుపులో బిడ్డ, మనసులో పోయిన బిడ్డ. ఈ స్థితిలోనే ఆమె ఆ ఇల్లు నడిపింది.

కాపురం లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో. ఆ సంఘపు గురువుకు ఏటా 200 పౌనుల రాబడి అని లెక్క. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కాని శామ్యూల్ పండితుడు, కవి. పద్యం కుదిరినంత సులువుగా ఆయనకు పద్దు కుదరలేదు. 1705 ఎన్నికలలో ఆయన ఒక పక్షాన నిలవడంతో ఊరివారిలో కొందరు పగబట్టారు. ఇంటి చుట్టూ రాత్రంతా అల్లరి చేశారు. ఆ అల్లరితో నిద్రలేక అలసిన దాది చివరకు మత్తుగా నిద్రపోయి, పక్కలో ఉన్న పసిబిడ్డ మీదికి ఒరిగింది. బిడ్డ చనిపోయింది. కొద్ది వారాలకే సుమారు 30 పౌనుల బాకీకి శామ్యూల్‌ను లింకన్ కోటలోని చెరసాలలో పెట్టారు. గిట్టనివాళ్ళు ఆవులను పొడిచి ఇంటికి పాలు కూడా లేకుండా చేశారు. భర్తకు పంపడానికి మరేమీ లేక సుసన్నా తన ఉంగరాలు పంపింది. ఆయన వాటిని తిప్పి పంపాడు.

ఆ రోజుల్లోనే యార్కు ఆర్చిబిషప్పు జాన్ షార్ప్ ఆమెను చూసి, ఎన్నడైనా తిండికి లోటు పడ్డారా అని అడిగాడు. తిండి దొరకని రోజు నిజానికి లేదనీ, అయితే దాన్ని సంపాదించడానికీ, తిన్నాక దాని బాకీ తీర్చడానికీ పడిన ఆరాటం వల్ల ఆ తిండి చేదయిపోయిందనీ ఆమె సమాధానమిచ్చింది. అప్పు చేసి పప్పుకూడు తిన్నవారందరికీ ఆ రుచి తెలుసు.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు తగలబడింది. నిండు గర్భిణి అయిన సుసన్నా మంటల మధ్య నుంచే బయటపడింది. అయిదేళ్ళ జాకీ మేడమీద చిక్కుకుపోతే, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కిటికీలోంచి అతన్ని దించారు. ఆ మరుక్షణమే కప్పు కూలింది. మరుసటి నెలలో చివరి కూతురు కెజియా పుట్టింది.

గంట కొట్టినట్టు నడిచిన ఇల్లు

పిల్లలను పెంచిన పద్ధతిని కాగితం మీద పెట్టమని జాన్ అడగగా, 1732 జూలైలో సుసన్నా అతనికి సుదీర్ఘమైన జాబు రాసింది. 1742లో ఆమె మరణించిన తరువాత జాన్ దాన్ని తన దినచర్య గ్రంథంలో ప్రకటించాడు. అందువల్ల ఆ ఇల్లు ఎలా నడిచిందో మనకు ఆమె మాటల్లోనే తెలుస్తుంది.

మొదట ఆమె స్థిరపరచింది నిద్రనూ తిండినీ. పుట్టిన నాటి నుంచే బిడ్డ నిద్రకు వేళలు. కొంచెం ఎదిగాక రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో చిరుతిళ్ళు లేవు. వంటింట్లోకి వెళ్ళి పనివాళ్ళను ఏదైనా పెట్టమని అడిగిన బిడ్డకూ శిక్షే, పెట్టిన పనిమనిషికీ చీవాట్లే. సాయంత్రం ఆరింటికి కుటుంబ ప్రార్థన, తరువాత భోజనం. ఏడింటికి చిన్నవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరినే కడిగి, బట్టలు మార్చేవారు. ఎనిమిదింటికి అందరూ మంచాల మీద. నిద్రపట్టేదాకా పక్కన కూర్చొని జోకొట్టే ఆచారం ఆ ఇంట్లో లేదు. మెలకువగా ఉన్న బిడ్డనే పడుకోబెట్టి వచ్చేసేవారు.

ఇది చదివితే మన తెలుగు తల్లులకు మనసు చివుక్కుమంటుంది. జోలపాట లేని నిద్ర మనకు ఊహకందదు. అయితే ఈ ఏర్పాటులోని కిటుకు గమనించండి. రాత్రి ఎనిమిది తరువాత ఇల్లు సుసన్నాది. పెద్దపిల్లలతో మాట్లాడడానికి, జాబులు రాయడానికి, ప్రార్థనకు ఆమెకు దొరికిన కాలమంతా ఎనిమిదింటికి గీసిన ఆ గీత వల్ల దొరికిందే.

చదువు విషయంలోనూ అంతే. ఒక్కరిని మినహాయిస్తే, అయిదేళ్ళు నిండేదాకా ఏ బిడ్డకూ అక్షరాలు చెప్పలేదు. అయిదో పుట్టినరోజు వెళ్ళిన మరునాడు అక్షరాభ్యాసం. దానికి ముందురోజే ఇల్లు సర్ది, ఎవరి పని వారికి అప్పగించి, తొమ్మిది నుంచి పన్నెండు వరకు, రెండు నుంచి అయిదు వరకు ఆ గదిలోకి ఎవరూ రాకూడదని కట్టడి చేసేది. ఆ ఆరు గంటలూ తల్లీ, బిడ్డా, అక్షరాలూ. ఆ ఒక్క రోజులో పిల్లలు ఇంగ్లీషు అక్షరాలన్నీ నేర్చేవారు. మోలీకీ నాన్సీకీ మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది. అందుకు అప్పట్లో వాళ్ళను మందమతులని అనుకున్నానని ఆమె రాసింది. తక్కిన పిల్లలను చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నదట. అక్షరాలు వచ్చిన వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయంతో చదువు మొదలు. పెద్దకొడుకు శామ్యూల్ ఆ ఏడాది పెంతెకొస్తు పండుగ నాటికి ఒక అధ్యాయం చక్కగా చదవగలిగాడు.

అయిదింటికి పెద్దపిల్లలు తలా ఒక చిన్నబిడ్డను తీసుకొని ఆనాటి కీర్తనలు, కొత్త నిబంధనలో ఒక అధ్యాయం చదివించేవారు. తల్లికి అది ఊపిరి తీసుకునే వేళ. పెద్దవాళ్ళకు తాము చదివింది గట్టిపడే వేళ.

ఓర్పు విషయంలో జాన్ తరువాత ఒక ముచ్చట గుర్తుచేసుకున్నాడు. ఒకే సంగతిని ఒక మొద్దుబ్బాయికి ఇరవైసార్లు ఎలా చెప్పగలిగావని తండ్రి ఒకనాడు తల్లిని అడిగాడట. పందొమ్మిదిసార్లకే ఆపి ఉంటే పడిన శ్రమంతా వృథా అయ్యేదని ఆమె జవాబు. కాలాన్ని పొదుపు చేయడమంటే అన్నిటినీ తొందరగా ముగించడమని ఆమె అనుకోలేదన్నమాట.

తరంగంబాడి నుంచి వచ్చిన కబురు

గురువారం రాత్రుల కథ వెనుక మన దేశం ఉందని చాలామందికి తెలియదు.

1706లో డెన్మార్కు రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపగా బర్తలోమేయు సీగెన్‌బాల్గ్, హైన్రిక్ ప్లూట్‌షౌ అనే ఇద్దరు జర్మను యువకులు తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. వారి పనిని గురించిన పుస్తకం ఇంగ్లీషులో వెలువడి ఎప్‌వర్త్ గురువుగారి చదువుగదికి చేరింది. పెద్దకూతురు ఎమిలియా దాన్ని చూసి తల్లికి చదివి వినిపించింది. అది విన్నాక చాలా రోజులు సుసన్నాకు మరో ఆలోచన లేకపోయింది. తాను పురుషుడు కాదు, గురువూ కాదు, సముద్రాలు దాటి వెళ్ళలేదు. అయినా తాను ఇప్పుడు చేస్తున్నదానికన్నా మరికొంత చేయగలనేమోనని ఆమెకు తోచింది. ఆ మరికొంతను ఆమె ఇంటి నుంచే, సొంత పిల్లలతోనే మొదలుపెట్టింది.

1712 ఫిబ్రవరిలో భర్తకు రాసిన జాబులో ఆ ఏర్పాటు వివరంగా ఉంది. ప్రతి రాత్రీ తనకు వీలయినంత సేపు ఒక్కొక్క బిడ్డతో విడిగా మాట్లాడడం. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ, శుక్రవారం ప్యాటీ, శనివారం చార్లెస్. పెద్దవాళ్ళయిన ఎమిలియాకూ సూకీకీ కలిపి ఆదివారం.

రోజంతా ఆ పిల్లలు ఆమె కళ్ళముందే ఉన్నారు. ఆరు గంటలు ఆమె దగ్గరే చదువుకున్నారు. అయినా అది చాలదని ఆమె గ్రహించింది. పదిమందిలో ఒకరుగా ఉన్న బిడ్డకూ, తల్లి ఎదుట ఒంటరిగా కూర్చున్న బిడ్డకూ తేడా ఉంది. పదిమందిలో బిడ్డ పాఠం అప్పజెబుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు భయం చెప్పుకుంటుంది, సందేహం అడుగుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఉన్నిలో చుట్టబడి బతికిన చార్లెస్‌కు అప్పటికి నాలుగేళ్ళు. వాడికీ ఒక రాత్రి ఉంది. ఆ చార్లెసే తరువాత వేలకొద్దీ క్రైస్తవ కీర్తనలు రచించాడు.

ఆ తరంగంబాడి మిషనుకు మన తెలుగుతోనూ బంధముంది. ఆ మిషనులో పనిచేసి మద్రాసుకు మారిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలు భాగాలను అనువదించాడు. 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో ఆయన అచ్చువేయించిన చిన్న పుస్తకాలే తెలుగులో తొలి ముద్రిత గ్రంథాలని చరిత్రకారులు చెబుతారు. ఇక జాన్ వెస్లీ పేరుతో వెలసిన మిషను హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. ఆ మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో కట్టిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. తమిళ తీరం నుంచి వెళ్ళిన కబురు ఒక ఆంగ్ల గృహిణిని కదిలిస్తే, ఆమె కొడుకు నడిపిన ఉద్యమం రెండు శతాబ్దాల తరువాత మెతుకుసీమకు చేరింది.

తనకని దాచుకున్న గంట

ఎప్రాను తలమీదికి లాక్కొని సుసన్నా ప్రార్థించుకునేదనీ, అమ్మ ముఖం ఎప్రాను చాటున ఉన్నంతసేపు పిల్లలు ఆమెను పలకరించేవారు కారనీ ఒక కథ క్రైస్తవ లోకంలో బాగా వ్యాప్తిలో ఉంది. అది తరువాతి తరాలవారు చెప్పుకున్న ముచ్చట. మన తల్లులు కొంగు తలమీద కప్పుకొని మోకరించడం చూసినవారికి అది నమ్మదగ్గదిగానే తోస్తుంది. అయితే ఆమె స్వయంగా రాసిపెట్టినవి ఆ కథకన్నా విలువైనవి.

యవ్వనంలోనే ఆమె ఒక నియమం పెట్టుకుంది. కేవలం వినోదానికి ఒక రోజులో ఎంత కాలం వెచ్చిస్తుందో, ఏకాంత భక్తికి అంతకు తగ్గకుండా వెచ్చించాలి. పెద్దకొడుకు బడికి వెళ్ళినప్పుడు అతనికి రాసిన జాబులో ఈ నియమాన్ని ప్రస్తావించింది. పిల్లలు పెరిగే కాలంలో రాసుకున్న పుస్తకాల్లో ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం అనే శీర్షికల కింద ఆమె ఆలోచనలు కనిపిస్తాయి. కొన్ని నాలుగు వాక్యాలకు మించవు. దొరికిన సమయం అంతే అయివుండవచ్చు. కాని వేళ తప్పలేదు.

ఇల్లు కాలిపోయి, పిల్లలు తలా ఒక ఇంట చెల్లాచెదురైన నెలల్లో ఆమె మరో పని చేసింది. ఎదుటలేని పిల్లల కోసం పాఠాలు రాయడం మొదలుపెట్టింది. 1710 జనవరిలో కూతురు సూకీకి అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని వివరిస్తూ ఒక పెద్ద జాబు రాసింది. తరువాత పది ఆజ్ఞల మీద వ్యాఖ్యానం రాసింది. ఎమిలియాతో సంభాషణ రూపంలో మరో గ్రంథం రాసింది. తన కాలం తన చేతిలో లేనప్పుడు కూడా, చేతిలో ఉన్న కాస్త కాలంతో చేయగలిగినది ఒకటి ఉంటుందని ఆమెకు తెలుసు.

భర్త వద్దన్న వేళ

ప్రాధాన్యాలను కాగితం మీద రాసుకోవడం సులువు. ఎవరైనా అడ్డువచ్చినప్పుడు వాటిని నిలబెట్టుకోవడం కష్టం. సుసన్నాకు ఆ పరీక్ష 1712లో ఎదురైంది.

భర్త గురువుల మహాసభ కోసం లండనులో ఉన్నాడు. ఎప్‌వర్త్‌లో ఆదివారం మధ్యాహ్నపు ఆరాధన జరగడం లేదు. పిల్లలూ పనివాళ్ళూ ఆ పూట ఊరకే గడపడం ఇష్టంలేక, సుసన్నా ఇంట్లోనే ప్రార్థనలు చదివి, ఒక ప్రసంగం చదివి వినిపించేది. ఒక పనివాడు తన తల్లిదండ్రులకు చెప్పాడు. వాళ్ళు వస్తామన్నారు. వాళ్ళ వెనుక ఇరుగుపొరుగు. ముప్పై నలభై మంది అయ్యారు. కొద్ది వారాల్లో 200 మంది దాటారు. చోటు చాలక కొందరు తిరిగి వెళ్ళారు.

భర్త బదులు ఉన్న ఉపగురువు ఇన్‌మన్‌కు ఇది నచ్చలేదు. లండనుకు ఫిర్యాదు రాశాడు. ఆడది ఇలా చేయడం లోకానికి వింతగా ఉంటుందని శామ్యూల్ భార్యకు రాశాడు. మరెవరిచేతనైనా చదివించమని సూచించాడు. సుసన్నా జవాబు నిదానంగా, గట్టిగా ఉంది. అక్షరాలు కూడబలుక్కోకుండా ప్రసంగం చదవగలవాడు వచ్చేవారిలో ఒక్కడూ లేడంది. గుడి ముఖం చూడని కుటుంబాలు ఇప్పుడు గుడికి వస్తున్నాయంది. చివరకు, మానమని కోరుతున్నానని మాత్రం రాయవద్దనీ, అలా అయితే తన మనస్సాక్షి ఊరుకోదనీ, తీర్పుదినాన ఆ పాపం తనది కాకుండా ఉండేలా స్పష్టమైన ఆజ్ఞ పంపమనీ రాసింది. ఆ ఆజ్ఞ రాలేదు. సమావేశాలు సాగాయి.

ఆమె భర్తను ధిక్కరించలేదు, తన పనినీ వదులుకోలేదు. ఏది తన బాధ్యతో, ఏది ఇతరుల మెప్పో విడదీసి చూసింది. మన సంఘాల్లో పాస్టరుగారి భార్యను ‘అమ్మగారు’ అంటాం. పెళ్ళిళ్ళకు, చావులకు, స్త్రీల మైత్రి కూటానికి, సండే స్కూలుకు, వచ్చిన అతిథికి కాఫీకి అన్నిటికీ అమ్మగారే. ఆమె ఒక పని కాదంటే నొచ్చుకునేవారు పదిమంది ఉంటారు. ఆమె ఇంట్లో బిడ్డలు ఎదురుచూస్తూ ఉంటారన్నది ఎవరికీ గుర్తుండదు.

చెల్లించిన మూల్యం

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అర్ధసత్యమే అవుతుంది.

బిడ్డ మొండితనాన్ని తొలి ఏళ్ళలోనే లొంగదీయాలని సుసన్నా గట్టిగా నమ్మింది. ఏడాది నిండేసరికి బిడ్డకు బెత్తం భయం తెలియాలనీ, ఏడ్చినా సన్నగా ఏడవాలనీ నేర్పింది. ఇది ఆ కాలపు పెంపకం. నేటి తల్లి దీన్ని అనుసరించరాదు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది. ఇంట్లో దానికి చోటెందుకు? ఆమె జాబులోనే ఇంతకన్నా మేలైన నియమాలున్నాయి. తప్పు తానే ఒప్పుకున్న బిడ్డను కొట్టరాదు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించరాదు, తరువాత దాన్ని ఎత్తిపొడవరాదు. మంచి ఉద్దేశంతో చేసిన పని వంకరగా వచ్చినా ఉద్దేశాన్ని మెచ్చుకోవాలి. ఇచ్చిన మాట తప్పరాదు. బాగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు కుట్టుపని నేర్పరాదు. ఈ చివరి మాట 1732లో రాసిందని గుర్తుంచుకోవాలి.

అంత చదువు చెప్పినా ఆ ఇంటి ఆడపిల్లల బతుకులు చల్లగా సాగలేదు. కొడుకులు పేరున్న బడులకూ, ఆక్స్‌ఫర్డుకూ వెళ్ళారు. కూతుళ్ళకు ఆ దారి లేదు. ఎమిలియా ఇంటి లేమిని గురించి జాన్‌కు చేదుగా రాసింది. కవితాశక్తిలో అన్నదమ్ములకు తీసిపోని హెట్టీ ఒక యువకుణ్ణి నమ్మి మోసపోయింది. 1725లో ఆమెను విలియం రైట్ అనే ప్లంబరుకిచ్చి పెళ్ళిచేశారు. తండ్రి 1735లో చనిపోయేదాకా ఆమెను మనసారా క్షమించలేదు. మంగళవారం రాత్రులు హెట్టీవే. అవి ఆమెను ఆ దుఃఖం నుంచి కాపాడలేకపోయాయి. ఏ పద్ధతీ బిడ్డ భవిష్యత్తుకు పూచీ ఇవ్వదు.

ఇది సుసన్నాకు తెలియనిది కాదు. తన పద్ధతి రాసిపెట్టమని జాన్ కోరినప్పుడు ఆమె ముందు వెనకాడింది. పిల్లల ఆత్మల కోసం జీవితంలోని మేలైన ఇరవై ఏళ్ళకు పైగా ధారపోయడానికి ఒప్పుకునేవారు బహు కొద్దిమంది అని ఆమె అభిప్రాయం. ఆ పద్ధతి ఖరీదు ఆమె దాచలేదు.

మనకు మిగిలేది

మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం ప్రజలు తమ కాలాన్ని ఎలా వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. 2019లో ఇంటిపని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2024లో అవి 289, 88 నిమిషాలు. స్త్రీకి పది నిమిషాలు కలిసివచ్చాయి. పురుషుడు తన వాటాలో తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నాడు. ఉద్యోగం చేసే స్త్రీకి ఈ గంటలు ఉద్యోగానికి అదనం. కనుక ‘కాలాన్ని సర్దుకోవడం నేర్చుకో’ అని తల్లికి మాత్రమే ఉపదేశించడం న్యాయం కాదు. సుసన్నాకు పనివాళ్ళు ఉండేవారు, చెయ్యందించే పెద్దపిల్లలు ఉండేవారు. ఒంటిచేత్తో ఎవరూ అంత ఇల్లు నడపలేదు. ఇంటిపని పంచుకోవడం ఇంటిల్లిపాది బాధ్యత.

ఆ తరువాత ఆమె నుంచి నేర్చుకోదగ్గవి నాలుగు కనిపిస్తాయి.

మొదటిది, రోజుకు రెండు మూడు మేకులు కొట్టడం. నిద్ర, భోజనం, కుటుంబ ప్రార్థన. ఈ మూడూ వేళకు జరిగితే తక్కిన రోజు అటూ ఇటూ అయినా ఇల్లు నిలబడుతుంది. రోజంతటికీ నిమిషాల పట్టిక వేసుకున్న తల్లి రెండో రోజుకే ఓడిపోతుంది. బిడ్డకు జ్వరం వస్తుంది, బస్సు ఆలస్యమవుతుంది, చెప్పకుండా చుట్టాలొస్తారు. మూడు మేకులను మాత్రం ఏ చుట్టమూ ఊడబెరకలేడు.

రెండోది, కష్టమైన పనికి ముందురోజే చోటు చేయడం. బిడ్డకు అక్షరాలు దిద్దించే ముందు సుసన్నా ఇల్లు సర్దింది, అందరికీ పని అప్పగించింది, తలుపు మూసింది. పరీక్షలకు చదివించాలన్నా, వృద్ధురాలైన అత్తగారిని ఆస్పత్రికి తీసుకువెళ్ళాలన్నా ఆ సిద్ధపాటే సగం పని. నేడు ఆ గదిలోకి తలుపు తట్టకుండా వచ్చేది చేతిలోని ఫోను. దాన్ని పక్కగదిలో పెట్టడమే ఈనాటి తలుపు మూయడం.

మూడోది, ఏకాంతాన్ని చిన్నదిగానైనా ఉంచుకోవడం. లూకా సువార్తలో మార్త, మరియ అనే అక్కచెల్లెళ్ళ కథ క్రైస్తవ స్త్రీలందరికీ తెలుసు. చదివిన ప్రతిసారీ మార్తలకు కాస్త కష్టం కలుగుతుంది, ఎందుకంటే వంట ఎవరో ఒకరు చేయాలి కదా. సుసన్నా మార్తగా ఉంటూనే రోజులో కొంతసేపు మరియగా కూర్చుంది. గంట కుదరకపోతే పది నిమిషాలు చాలు. అయితే అవి మిగిలిన నిమిషాలు కారాదు, ముందుగా తీసిపెట్టిన నిమిషాలు కావాలి. పిడికెడు బియ్యం వండేముందే తీసి దేవుని పేర కుండలో వేసే అలవాటు మన సంఘాల్లో ఉంది. కాలానికీ అదే లెక్క.

నాలుగోది, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క వంతు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో వారానికి రెండు సాయంకాలాలు. అరగంట చాలు. మార్కుల మాట లేకుండా, చీవాట్లు లేకుండా. డాబామీద కూర్చున్నా సరే, పెరట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్నా సరే. మొదటి రెండు మూడు వారాలు బిడ్డ ఏమీ మాట్లాడకపోవచ్చు. ఇరవయ్యోసారికి గాని అర్థంకాని పిల్లవాడి సంగతి సుసన్నా భర్తకు చెప్పనే చెప్పింది.

ఆమె 1742 జూలైలో లండనులో కన్నుమూసింది. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానంలో సమాధి చేశారు. కాలిపోయిన చోట ఇటుకలతో మళ్ళీ కట్టిన ఎప్‌వర్త్ ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. అక్కడికి వెళ్ళి ఆ గదులు చూడవలసిన అవసరం మనకు లేదు. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో, వారంలో ఏ రాత్రులు మన చేతిలో ఉన్నాయో లెక్క చూసుకుంటే చాలు. ఈ గురువారం ఎవరి వంతో ముందు ఆ బిడ్డకే చెప్పండి. చెప్పాక మాట తప్పడం కష్టం.